వ్యసనం రక్తంలోనే ఉందా? ఉమ్మి పరీక్ష ఏం చెప్పగలదు

ఆపరేషన్ బల్ల ఎక్కే ముందు మత్తు డాక్టరు కొందరిని ఒక ప్రశ్న అడుగుతారు: "మీరు ఆర్యవైశ్యులా?" ఆస్పత్రిలో కులం అడుగుతున్నారేమిటని నొచ్చుకునేవాళ్ళుంటారు. కానీ ఆ ప్రశ్న ప్రాణం కోసం అడిగేది. గొంతులోకి గొట్టం వేసేముందు కండరాలు వదులయ్యేందుకు సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు. రక్తంలో ఉండే ఒక ఎంజైమ్ ఆ మందును కొద్ది నిమిషాల్లోనే విరగ్గొట్టేస్తుంది. ఆర్యవైశ్యుల్లో కొందరికి ఆ ఎంజైమ్ పనిచేయదు. అలాంటివారికి ఈ మందు ఇస్తే గంటల తరబడి సొంతంగా ఊపిరి తీసుకోలేరు, వెంటిలేటర్ మీద ఉంచాల్సి వస్తుంది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్, హార్వర్డ్ శాస్త్రవేత్త డేవిడ్ రైక్ బృందాలు 2017లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఈ లోపం ఆర్యవైశ్యుల్లో ఇతరుల కంటే సుమారు 100 రెట్లు ఎక్కువ. ఎన్నో తరాల కిందటి పూర్వీకుల్లో వచ్చిన ఒకే ఒక మార్పు, తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకోవడం వల్ల ఇప్పటిదాకా దిగుతూ వచ్చింది.

మంచి జన్యు పరీక్ష ఎలా ఉండాలంటే నాకు గుర్తొచ్చే ఉదాహరణ ఇదే. ఒక జన్యువు, ఒక ఎంజైమ్, ఒక మందు. పరీక్ష చేస్తే జవాబు స్పష్టంగా వస్తుంది. ఆ జవాబు వచ్చాక ఏం చేయాలో డాక్టరుకు తెలుసు: ఆ మందు మానేసి వేరేది వాడతారు.

కిందటి నెల మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. వాళ్ళబ్బాయి ఇంటర్ అయిపోయి ఇంజనీరింగ్ హాస్టల్‌కి వెళ్తున్నాడు. దాని మామగారు తాగి తాగి లివర్ చెడిపోయి చనిపోయారు. బావగారు కూడా చాలా ఏళ్ళు తాగి, నాలుగేళ్ళ కిందట మానేశారు. "అన్నయ్యా, ఆన్‌లైన్‌లో ఏదో టెస్ట్ ఉందట. కాస్త ఉమ్మి పంపిస్తే వీడికి తాగుడు జీన్స్ ఉన్నాయో లేవో చెప్తారట. చేయించమంటావా? చేయించకపోతే రేపు ఏదైనా అయితే తెలిసీ ఊరుకున్నానే అనిపిస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది" అంది. వద్దని వెంటనే చెప్పాను. ఎందుకు వద్దో మాత్రం ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. అది చెప్పడానికే ఈ వ్యాసం.

దాని భయం ఉత్తదేమీ కాదు. వ్యసనం కుటుంబాల్లో దిగుతుందన్నది నిజం. "తండ్రిని చూసి కొడుకు నేర్చుకున్నాడు" అంటే సరిపోతుందా అని తేల్చడానికి డొనాల్డ్ గుడ్విన్ అనే అమెరికన్ వైద్యుడు డెన్మార్క్‌లో దత్తత రికార్డులు వెతికారు. పసితనంలోనే దత్తత వెళ్ళిపోయి, కన్నతండ్రి తాగుడును ఎన్నడూ చూడకుండా పెరిగిన మగపిల్లల్ని పెద్దయ్యాక పరిశీలించారు. కన్నవాళ్ళకు తాగుడు వ్యసనం ఉన్నవారిలో వ్యసనం దాదాపు నాలుగు రెట్లు ఎక్కువగా కనిపించింది. 1973లో అచ్చయిన ఆ అధ్యయనం చిన్నదే. తర్వాత కవలల మీద జరిగిన పెద్ద పరిశోధనలు కూడా అదే దారి చూపించాయి. వాటిని కలిపి లెక్కగడితే మద్యం వ్యసనంలో వంశపారంపర్యం వాటా 50 శాతం దగ్గర తేలుతుంది. వ్యసనంలాగే తనను తాను ఆపుకోలేని మరో జబ్బు ఓసీడీ: వద్దన్నా అవే ఆలోచనలు, చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేయడం. దాని విషయంలోనూ పెద్దవాళ్ళలో 27, 47 శాతం మధ్య చెబుతారు.

చిక్కంతా ఈ 50 శాతం అన్న మాటతోనే మొదలవుతుంది. తండ్రి తాగితే కొడుక్కి 50 శాతం ఛాన్స్ ఉందని దాని అర్థం కాదు. ఒక సమాజంలో కొందరికి వ్యసనం వచ్చి కొందరికి రాకపోవడానికి ఉన్న తేడాల్లో ఇంచుమించు సగం జన్యువుల తేడాల నుంచి వస్తోందని అర్థం. అది జనం మొత్తానికి సంబంధించిన అంకె. ఒక మనిషి గురించి అది ఏమీ చెప్పదు. పైగా అది స్థిరంగా ఉండదు కూడా. మందు దొరకని ఊళ్ళో ఎవరి జన్యువులు ఎలా ఉన్నా తాగుడు వ్యసనం రాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. నిషేధం ఎంత నిలిచింది, దొంగసారా ఎంత పారింది అన్నది వేరే చర్చ. ఆ ఆడవాళ్ళకు తెలిసిన సంగతి మాత్రం శాస్త్రం కూడా ఒప్పుకునేదే: గడప పక్కనే కొట్టుంటే తాగేవాళ్ళు పెరుగుతారు.

దీనికి ఇంకా మంచి సాక్ష్యం జపాన్‌లో ఉంది. తూర్పు ఆసియాలో చాలామందికి ఏఎల్‌డీహెచ్2 అనే జన్యువులో ఒక మార్పు ఉంటుంది. మద్యం ఒంట్లో అసిటాల్డిహైడ్ అనే విషంగా మారుతుంది, ఆ విషాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ వాళ్ళలో సరిగ్గా పనిచేయదు. ఒక గ్లాసుకే మొహం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతి వస్తుంది. తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్ర చేసే పని కూడా ఇదే. వ్యసనానికి సంబంధించి మనకు తెలిసిన జన్యువుల్లో ఇంత బలంగా కాపాడేవి చాలా అరుదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా ఈ మార్పు వచ్చినవాళ్ళు తాగుబోతులు కావడం దాదాపు ఉండదు. ఒక వైపు నుంచే వచ్చినవాళ్ళ సంగతి చూడండి. జపాన్‌లో మద్యం వ్యసనంతో చికిత్సకు వచ్చినవారిలో అలాంటివాళ్ళు 1979లో 2.5 శాతం, 1986లో 8 శాతం, 1992కి 13 శాతం. పదమూడేళ్ళలో ఒక జాతి జన్యువులు మారిపోవు. మారింది ఆ దేశపు అలవాట్లు. ఆఫీసు అయ్యాక అందరూ కలిసి తాగాల్సిందేనన్న ఒత్తిడి ఉన్నచోట, మొహం ఎర్రబడినా దడ వచ్చినా తాగారు. అంత బలమైన జన్యువు కూడా పూర్తిగా ఆపలేకపోయింది. మన దేశంలో ఆ మార్పు చాలా అరుదు కాబట్టి ఆ కాస్త కాపలా కూడా మనకు లేదు.

ఇక "తాగుడు జీన్" అన్న మాట ఎక్కడ పుట్టిందో చెప్పాలి. 1990 ఏప్రిల్‌లో కెన్నెత్ బ్లమ్, ఎర్నెస్ట్ నోబుల్ బృందం 70 మంది చనిపోయినవారి మెదళ్ళను పరీక్షించి ఒక వ్యాసం ప్రచురించింది. అందులో సగం మంది తాగుబోతులు. మెదడులో ఆశనూ కోరికనూ నడిపే డోపమిన్ అనే రసాయనాన్ని అందుకునే డీ2 రిసెప్టార్ జన్యువు దగ్గర ఒక రకం మార్పు తాగుబోతుల్లో 69 శాతానికి ఉంటే, మిగతావాళ్ళలో 20 శాతానికే ఉందన్నారు. పత్రికలకు పండగైంది. అదే ఏడాది చివర్లో, అదే జర్నల్‌లో, వేరే బృందం తమకు ఆ తేడా కనిపించలేదని రాసింది. తర్వాత కొందరికి కనిపించింది, కొందరికి కనిపించలేదు. 2004లో ఇంకో విషయం బయటపడింది. ఆ మార్పు అసలు డీ2 జన్యువులోనే లేదు, పక్కనున్న మరో జన్యువులో ఉంది. 35 మంది ఒక వైపు, 35 మంది ఒక వైపు పెట్టి ఒక జన్యువును పట్టుకోవచ్చనుకున్న రోజులవి. అయినా ఈనాటికీ వ్యసనం టెస్టులు అమ్మేవాళ్ళ రిపోర్టుల్లో ఆ డోపమిన్ జన్యువు పేరు కనిపిస్తూనే ఉంటుంది.

ఇప్పుడు లెక్క వేరు. పొగతాగడం, మద్యం అలవాట్ల మీద 2022లో వచ్చిన అధ్యయనంలో 34 లక్షల మంది డీఎన్‌ఏ చూశారు. జీనోమ్‌లో, అంటే మనిషి డీఎన్‌ఏ మొత్తంలో, సంబంధం ఉన్న చోట్లు రెండు వేలకు పైగా దొరికాయి. వాటిలో గట్టివాటిలో ఒకటి నికోటిన్ రిసెప్టార్‌కి సంబంధించిన సీహెచ్‌ఆర్‌ఎన్‌ఏ5 జన్యువులోది. ఆ మార్పు ఒక కాపీ ఉంటే, పొగతాగేవాళ్ళు రోజుకు సగటున ఒక సిగరెట్ ఎక్కువ కాలుస్తారు. గట్టిదే అంతైతే మిగతావి ఎంత సన్ననివో ఊహించుకోవచ్చు. వ్యసనం ఒక తాడు కాదు, వేల దారాల పేట. ఒక దారాన్ని పట్టుకుని చూస్తే తాడు ఎంత గట్టిదో తెలియదు.

ఇంత తెలిసి కూడా ఇలాంటి పరీక్షకు ప్రభుత్వ అనుమతి ఎలా వచ్చింది? అమెరికాలో అవర్ట్‌డి అనే పరీక్ష కథ అది. అక్కడ ఆక్సికోడోన్ లాంటి నొప్పిమాత్రలతో మొదలై హెరాయిన్, ఫెంటనిల్ దాకా వెళ్ళి చచ్చిపోతున్నవాళ్ళ సంఖ్య భయంకరం. ఓపియాయిడ్లు అనే ఈ కోవ మందుల వల్ల 2022 ఒక్క ఏడాదిలోనే 80 వేల మందికి పైగా పోయారు. ఆపరేషన్ తర్వాత ఆ మాత్రలు ఇచ్చేముందు, ఎవరికి అవి వ్యసనంగా మారతాయో బుగ్గ లోపలి నుంచి తీసిన నమూనాతో ముందే చెప్తామని ఒక కంపెనీ వచ్చింది. చూసేది 15 చోట్ల డీఎన్‌ఏ అక్షరాలు. 2022 అక్టోబరులో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిపుణుల కమిటీ 11-2 తేడాతో దీనికి వ్యతిరేకంగా ఓటేసింది. 2023 డిసెంబరులో ఎఫ్‌డీఏ అయినా అనుమతి ఇచ్చింది. జనం పిట్టల్లా రాలిపోతున్నప్పుడు ఏదో ఒకటి చేతిలో ఉండాలన్న ఆరాటం నాకు అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన ఆ నిర్ణయం సరైనదని అనలేను.

కంపెనీ తన 385 మంది అధ్యయనంలో చెప్పింది ఇది: వ్యసనం ఉన్నవారిలో 82.8 శాతాన్ని పరీక్ష పట్టుకుంది, లేనివారిలో 79.2 శాతాన్ని లేదని సరిగ్గా చెప్పింది. వినడానికి ఫస్ట్ క్లాస్ మార్కుల్లా ఉన్నాయి. ఈ అంకెలు పూర్తిగా నిజమే అనుకుని ఒక లెక్క వేద్దాం. ఆపరేషన్‌కు వచ్చిన వెయ్యి మందిలో పది మందికి నిజంగా వ్యసనం వచ్చేదుందనుకోండి (ఉదాహరణకే). పరీక్ష ఆ పదిలో ఎనిమిది మందిని పట్టుకుంటుంది, ఇద్దరిని వదిలేస్తుంది. మిగతా 990 మందిలో దాదాపు 206 మందికి కూడా "ప్రమాదం ఉంది" అని చెప్తుంది. అంటే ఎర్ర గీత పడినవాళ్ళు మొత్తం 214 మంది, అందులో నిజంగా ప్రమాదం ఉన్నవాళ్ళు ఎనిమిది మంది. వందకు నలుగురు కూడా లేరు. వ్యాధి అరుదుగా ఉన్నప్పుడు మంచి మార్కులు తెచ్చుకున్న పరీక్ష కూడా ఇలాగే తప్పుతుంది. ఏ టెస్ట్ రిపోర్టు చేతికొచ్చినా ఈ లెక్క ఒక్కసారి వేసుకోవాలి.

మరి ఆ అంకెలైనా నిలిచాయా? నిలవలేదు. అమెరికా మాజీ సైనికులు నాలుగున్నర లక్షల మందికి పైగా ఉన్న డేటాలో అవే 15 చోట్లను పరీక్షించారు. 2025 జనవరిలో వచ్చిన ఫలితం: ఓపియాయిడ్ వ్యసనం ఎవరికి ఉంది, ఎవరికి లేదు అన్న తేడాలో ఆ 15 కలిపి వివరించగలిగింది 0.4 శాతం. వందలో దాదాపు 47 సార్లు తప్పు చెప్పింది. రూపాయి బిళ్ళ ఎగరేసినా ఇంచుమించు అంతే వస్తుంది.

మొదటి అధ్యయనంలో అంత బాగా ఎలా వచ్చింది అన్నదానికి శాస్త్రవేత్తలు 2021లోనే ఒక కారణం చెప్పారు. మన దగ్గరి ఉదాహరణతో చెప్తాను. వ్యసనం ఉన్నవాళ్ళను గుంటూరు నుంచి, లేనివాళ్ళను మణిపూర్ నుంచి తీసుకున్నామనుకోండి. రెండు చోట్ల పూర్వీకులు వేరు కాబట్టి వేల చోట్ల డీఎన్‌ఏ అక్షరాల్లో తేడా ఉంటుంది. వాటిలో ఏ పదిహేను ఏరి కంప్యూటర్‌కు ఇచ్చినా అది "వ్యసనం ఉంది, లేదు" అని బాగానే విడదీస్తుంది. నిజానికి అది విడదీస్తున్నది గుంటూరునీ మణిపూర్‌నీ. పూర్వీకుల తేడాను సరిగ్గా తీసేయకపోతే ఇలాంటి పరీక్ష కొలిచేది మనిషి వంశాన్నే. అమెరికాలో నల్లజాతివాళ్ళ ఆందోళన కూడా ఇదే: నొప్పితో వచ్చిన మనిషికి, వంశం చూసి మందు నిరాకరించే రోజు వస్తుందేమోనని.

మనకు ఇంకో చిక్కుంది. ఈ పెద్ద అధ్యయనాల్లో ఎక్కువ భాగం ఐరోపా మూలాలున్నవాళ్ళ మీద జరిగినవే. వేల చోట్లను కూడి ఇచ్చే పాలీజెనిక్ స్కోర్ ఐరోపావారిలో ఏ కాస్త పనిచేసినా, మనవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి బాగా పలుచనైపోతుంది. హైదరాబాద్‌లో ఉన్నా డాలస్‌లో ఉన్నా తెలుగువాళ్ళకు ఇది వర్తిస్తుంది, దేశం మారినంత మాత్రాన వంశం మారదు కదా. కిట్ డబ్బా మీద ఈ సంగతి పెద్ద అక్షరాలతో రాసి ఉండదు.

"పోనీ, ఏం పోయింది? భయం చెప్తే జాగ్రత్తగా ఉంటాడు" అంది మా చెల్లెలు. నేను దాన్నీ అంత తేలిగ్గా తీసుకోలేను. స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 2019లో ఒక ప్రయోగం ప్రచురించారు. వ్యాయామం, ఆకలి తీరడం మీద ప్రభావం చూపే జన్యువుల గురించి కొందరికి కావాలనే తారుమారు రిపోర్టులు ఇచ్చారు. నీకు కసరత్తు ఒంటికి పడని జన్యువు ఉందని చెప్పినవాళ్ళు, నిజంగా ఉన్నా లేకున్నా, ట్రెడ్‌మిల్ మీద త్వరగా అలిసిపోయారు. కాగితం మీది మాట ఒంట్లోకి దిగింది. పదిహేడేళ్ళ పిల్లాడికి "నీకు తాగుడు జీన్ ఉంది" అని రాసిచ్చి హాస్టల్‌కి పంపిస్తే, మొదటి గ్లాసు దగ్గర ఆ మాట వాడిని ఆపుతుందా, "ఎలాగూ నా రాత ఇంతే" అనిపిస్తుందా? లేదని రాసిస్తే ఇంకా ప్రమాదం. "నాకు రిస్క్ లేదు" అన్న ధైర్యంతో తాగేవాడిని నేను ఊహించుకోగలను.

2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. అల్ప్రాజోలం, డైజిపామ్ అనే మత్తు మందులు కలిపిన కల్లు ఒక్కసారిగా ఆగిపోయేసరికి నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఊళ్ళకు ఊళ్ళే అల్లాడిపోయాయి. ఫిట్స్, వణుకు, పిచ్చి చూపులు. చాలామందిని ఎర్రగడ్డ ఆస్పత్రికి తెచ్చారు. ఆ మందు రోజూ ఒంట్లో పడితే ఎవరి ఒళ్ళయినా అలవాటు పడుతుంది. జన్యువు బాగుందన్న రిపోర్టు అక్కడ ఎవరినీ కాపాడి ఉండేది కాదు.

ఓసీడీ సంగతి కొంచెం వేరుగా చూడాలి, ఎందుకంటే మన ఇళ్ళల్లో దానికి పేరే లేదు. చేతులు పుళ్ళు పడేదాకా కడుక్కునే అత్తయ్యను "శుభ్రం ఎక్కువ" అంటాం, తాళం వేశానా లేదా అని ఐదుసార్లు వెనక్కి వచ్చే బాబాయిని "చాదస్తం" అంటాం. ఆ మాటలతో ఒక జబ్బు తరాల తరబడి దాక్కుంటుంది. నా మనసుకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే ఓసీడీకి మందులున్నాయి, భయపడే పనిని కొంచెం కొంచెంగా ఎదుర్కోవడం నేర్పే థెరపీ ఉంది. 2007లో సాపాప్3 అనే జన్యువు తీసేసిన ఎలుకలు మొహం చర్మం ఊడిపోయేదాకా తమను తాము గోక్కున్నాయి. దాంతో మెదడులో ఏ వలయం అదుపు తప్పుతోందో కొంత తెలిసింది. మనుషుల్లో మాత్రం ఒక్క జన్యువు దొరకలేదు. 2025లో వచ్చిన అతి పెద్ద అధ్యయనంలో 53 వేల మందికి పైగా ఓసీడీ ఉన్నవాళ్ళను 20 లక్షల మంది ఇతరులతో పోల్చితే, జీనోమ్‌లో 30 చోట్లు తేలాయి. ఒక్కొక్కటి వేసే బరువు అతి తక్కువ. దీని మీద ఆధారపడి పిల్లల రాత చెప్పే టెస్ట్ ఇవాళ ఎవరు అమ్మినా కొనకండి.

డోపమిన్ అసలు ఏం చేస్తుందో జన్యువుల కంటే స్పష్టంగా చూపించినవాళ్ళు పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) రోగులు. డోపమిన్‌లా పనిచేసే కొన్ని మందులు వాడేవాళ్ళలో జూదం, షాపింగ్, తిండి లాంటివి అదుపు తప్పడం డాక్టర్లు గమనించారు. 2010లో వచ్చిన పెద్ద అధ్యయనంలో ఆ మందులు వాడేవారిలో 17.1 శాతానికి, వాడనివారిలో 6.9 శాతానికి ఇలాంటి ఇబ్బంది కనిపించింది. ఎన్నడూ పేక ముట్టని పెద్దమనిషి అరవై దాటాక జూదానికి అలవాటు పడటం, మందు తగ్గిస్తే చాలామంది మామూలు కావడం. ఇంట్లో ఎవరైనా పార్కిన్సన్స్ మందులు వాడుతుంటే ఇది గుర్తుపెట్టుకోండి. సిగ్గుపడకుండా న్యూరాలజిస్టుకు చెప్పండి.

జన్యు పరీక్షలన్నీ పనికిరావని నేను అనడం లేదు. సీవైపీ2డీ6, సీవైపీ2సీ19 అనే కాలేయ ఎంజైముల జన్యువులు చూస్తే, ఓసీడీకి వాడే కొన్ని మందులు ఒంట్లో త్వరగా కరుగుతాయో, పేరుకుపోతాయో కొంత తెలుస్తుంది, డోసు సరిచేయొచ్చు. కోడీన్ మందును ఒళ్ళు మరీ వేగంగా మార్ఫిన్‌గా మార్చేసే పిల్లల ప్రాణాల మీదికి రావడం వల్లే 2013లో ఎఫ్‌డీఏ టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత పిల్లలకు ఆ మందు ఇవ్వడంపై గట్టి హెచ్చరిక పెట్టింది. ఇవన్నీ ఆర్యవైశ్యుల పరీక్ష కోవలోవే: ఒక ఎంజైమ్ గురించి, ఒక మందు గురించి అడిగే ప్రశ్నలు. మనిషి గుణం గురించి అడిగేవి కావు.

రిపోర్టు ఎవరి చేతిలో పడుతుందన్నది కూడా చిన్న విషయం కాదు. అమెరికాలో 2008 నాటి చట్టం ఆరోగ్య బీమా, ఉద్యోగాల్లో జన్యు వివరాలతో వివక్ష చూపకుండా కొంత అడ్డుకుంటుంది, జీవిత బీమాకు అది వర్తించదు. మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టం లేదు. పెళ్ళి సంబంధాల్లో "వాళ్ళింట్లో తాగేవాళ్ళున్నారా" అని ఇప్పటికే వాకబు చేస్తారు. ఆ వాకబులోకి ఒక ల్యాబ్ కాగితం కూడా చేరితే ఆ పిల్లాడు జీవితాంతం దాన్ని మోయాలి.

మరి చెల్లెలికి ఏం చెప్పాలి? కుటుంబ చరిత్ర తెలిస్తే ఇవాళ్టి ఏ కిట్ కంటే ఎక్కువ తెలుస్తుంది. అందులో జన్యువులూ ఉన్నాయి, ఇంటి వాతావరణమూ ఉంది. దానికి తోడు మొదటి గ్లాసు ఏ వయసులో అన్నది. అమెరికాలో 1997లో వచ్చిన ఒక పెద్ద సర్వే విశ్లేషణలో పదిహేనేళ్ళ లోపు మొదలుపెట్టినవారు, 21 దాకా ఆగినవారి కంటే వ్యసనంలో పడే అవకాశం నాలుగు రెట్లు ఎక్కువని తేలింది. అందులో కొంత భాగం ముందే ఉన్న స్వభావం వల్ల కూడా కావచ్చు, కానీ ఆలస్యం చేయడం మన చేతిలో ఉన్న పని. ఇంకొకటి, "వాడికి ఎంత పోసినా ఎక్కదు" అని మనవాళ్ళు మెచ్చుకోలుగా అంటారు చూడండి, అది మెచ్చుకోవాల్సింది కాదు. మార్క్ షూకిట్ అనే సైకియాట్రిస్టు తాగుబోతుల కొడుకుల్ని ఏళ్ళ తరబడి గమనించారు. కుర్ర వయసులో మందు తక్కువ ఎక్కినవాళ్ళే తర్వాత ఎక్కువగా వ్యసనంలో పడ్డారు. చాలు అని ఒళ్ళు చెప్పే మాట వాళ్ళకు ఆలస్యంగా వినిపిస్తుంది. హాస్టల్‌కి వెళ్ళే కుర్రాడికి తెలియాల్సిన విషయం ఇది, ఇది చెప్పడానికి ఉమ్మి అక్కర్లేదు. సాయం కావాల్సి వస్తే మానసిక ఆరోగ్యానికి టెలీమానస్ 14416, మత్తు వ్యసనాలకు 14446 ఉన్నాయి, రెండూ ఉచితమే.

పోయిన ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. భోజనాలయ్యాక ఒక తెల్ల కాగితం తీసుకుని మూడు తరాల పేర్లు రాశాం. ఎవరు తాగారు, ఎప్పుడు మొదలుపెట్టారు, ఎవరు మానగలిగారు. తాతయ్య తమ్ముడు ఒకాయన జీవితంలో ముట్టలేదని అప్పుడే తెలిసింది. చెల్లెలి వైపు "చాదస్తం" అని వదిలేసిన ఇద్దరి పేర్ల పక్కన కూడా గీత గీశాం. బావగారి పేరు దగ్గరికి వచ్చేసరికి ఎవరం ఏమీ మాట్లాడలేదు. ఆయనే కొడుకు చేతిలోంచి పెన్ను తీసుకుని తన పేరు పక్కన రాశారు: "మొదలు: ఇంటర్ రెండో సంవత్సరం, ఫ్రెండ్ అక్క పెళ్ళిలో."